పాలకుర్తి సోమన్న గుట్ట: మాదర చెన్నయ్య నుండి చాకలి ఐలమ్మ దాకా

పాలకుర్తి గుట్ట మీద రెండు గుహలున్నాయి. ఒకదాంట్లో సోమేశ్వరుడు, ఇంకోదాంట్లో లక్ష్మీనరసింహస్వామి. శివరాత్రికి జాతర జరుగుతుంది. గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేయటం ఇక్కడి మొక్కు. దీనికొక కథ చెప్తరు. ముసలవ్వ ఒకామె రోజూ గుట్ట చుట్టూ తిరిగేదట. వయసు మీదపడి తిరగలేకపోతే, ఆమె బాధ చూడలేక దేవుడే గుట్టను చీల్చి దగ్గరి దారి ఇచ్చాడట.

కథ బాగుంది. కానీ అవ్వకు పేరు లేదు. ఏ వాడ నుండి నడిచి వచ్చిందో లేదు. ఆమెకు గుట్ట చుట్టూ తిరిగే హక్కేనా, గుహలోపలికి పోయి దేవుణ్ణి చూసే హక్కు కూడా ఉండేదా అన్న ముచ్చటే లేదు. స్థలపురాణాలు సాధారణంగా ఇట్లాగే ఉంటాయి. పేదవాళ్ళ భక్తి కావాలి, వాళ్ళ ఊరూ పేరూ అక్కర లేదు. పాలకుర్తి విషయంలో మాత్రం ఇది ఎక్కువగా గుచ్చుకుంటుంది. ఎందుకంటే తెలుగులో మొట్టమొదట మాదిగవాడి పేరు, చాకలివాడి పేరు, మాలవాడి పేరు పెట్టి, కులం చెప్పి మరీ, వాళ్ళను బ్రాహ్మణులకన్న పైన నిలబెట్టి కావ్యం రాసినాయన ఈ ఊరివాడే. పాల్కురికి సోమనాథుడు.

సోమన కాకతీయుల కాలం వాడు. మొదటి ప్రతాపరుద్రుడి కాలమా, రెండవ ప్రతాపరుద్రుడి కాలమా అని పండితులు తగువులాడుకున్నారు. ఆయన పుట్టుకతో బ్రాహ్మణుడా జంగముడా అని ఇంకా ఎక్కువ తగువులాడుకున్నారు. కవి కులం తేల్చటానికి ఇంత కష్టపడ్డ సాహిత్య చరిత్రకారులు, ఆ కవి రాసిన మనుషుల కులం గురించి ఎంత మాట్లాడారు? మేము డిగ్రీలో 'దేశి కవిత', 'జాను తెనుగు' అనే మాటలు వందసార్లు రాసుకున్నాం. 'మాదర' అంటే మాదిగ అని మాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు. అది మేమే వెతుక్కొని తెలుసుకోవాల్సి వచ్చింది.

బసవ పురాణం పన్నెండవ శతాబ్దపు కళ్యాణ పట్టణం కథ. బిజ్జలుడి దగ్గర మంత్రిగా ఉన్న బసవడు, ఆయన చుట్టూ చేరిన శివశరణులు. ఈ శరణుల్లో అన్ని పనులు చేసేవాళ్ళూ ఉన్నారు. తోళ్ళు ఊనే డోహర కక్కయ్య, బట్టలుతికే మడివాలు మాచయ్య, కిన్నెర వాయించే బ్రహ్మయ్య. వీళ్ళతోపాటు అంతకుముందటి భక్తుల కథలనూ సోమన కలిపి చెప్పాడు. అట్లా వచ్చినవాడే మాదర చెన్నయ్య. అతను కరికాల చోళుడి గుర్రాలకు గడ్డి మోస్తాడు. ఎవరికీ తెలియకుండా శివుడికి అంబలి పెడతాడు. ఒకరోజు రాజు పెట్టిన నైవేద్యాన్ని శివుడు ముట్టడు. చెన్నయ్య ఇంట్లో అంబలి తాగి వచ్చాను, కడుపు నిండిందంటాడు. రాజు పరుగున పోయి గడ్డిమోపువాడి కాళ్ళ మీద పడతాడు.

రాజు పంచభక్ష్యాలకన్న మాదిగ ఇంటి అంబలి పెద్దదని ఏడు వందల ఏండ్ల కిందట చెప్పటం మామూలు విషయం కాదు. అదీ ద్విపదలో చెప్పాడు. సంస్కృతం రానివాడు కూడా పాడుకునే ఛందస్సు అది. దానికి తగ్గ దెబ్బే తిన్నాడు. పిడుపర్తి సోమన అనే తర్వాతి కవి ఒక ముచ్చట రాశాడు. ఓరుగల్లులో శివాలయంలో భక్తులు బసవ పురాణం చదువుకుంటుంటే ప్రతాపరుద్రుడు అటు వచ్చి ఏమిటది అని అడిగాడట. పక్కనున్న బ్రాహ్మణుడొకడు, పాల్కురికి సోమన అనేవాడు ఈమధ్యే ద్విపదలో అల్లిందది, ప్రమాణం కాదు అన్నాడట. రాజు వెళ్ళిపోయాడు. ఇది నిజంగా జరిగిందా లేదా అన్నదానికన్న, తర్వాతి తరం వీరశైవులకు ఈ ముచ్చట చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నది ముఖ్యం. ఇంకో విచిత్రం చూడండి. ఈ ముచ్చట చెప్పిన పిడుపర్తి సోమనే బసవ పురాణాన్ని మళ్ళీ పద్యాల్లోకి తిప్పి రాశాడు. గౌరవం కోసం జనం ఛందస్సును వదులుకోవలసి వచ్చింది. కన్నడంలోకి మాత్రం అది తొందరగానే పోయింది. 1369లో భీమకవి అనువదించాడు.

సోమనను మేము ఊరికే పొగడటానికి కూర్చోలేదు. చెన్నయ్య కథను మళ్ళీ ఒకసారి చదవండి. రాజు కాళ్ళ మీద పడ్డాడు, బాగుంది. శివుడు చెన్నయ్యను మెచ్చుకున్నాడు, అదీ బాగుంది. మరి మర్నాడు రాజుగారి గుర్రాలకు గడ్డి ఎవరు కోశారు? కథకు ఆ సంగతి అక్కర లేదు. భక్తుడు కైలాసానికి పోతాడు, గడ్డివాము అక్కడే ఉంటుంది.

శివనాగుమయ్య కథలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆయన అంటరానివాడు. బసవడు ఆయనను కలుపుకొని తిరుగుతున్నాడని, మైల పడిపోయిందని బ్రాహ్మణులు బిజ్జలుడి దగ్గర మొర పెడతారు. అప్పుడు శివనాగుమయ్య చేతి నుండి పాలు కారి చూపించాల్సి వస్తుంది. మనం ఆలోచించాల్సింది ఇక్కడే. బ్రాహ్మణుడి చేతిని ఎవరూ పిండి చూడలేదు. అతని ఒంట్లో రక్తమే ఉన్నా పరవాలేదు. మాలవాడు మాత్రం మనిషినని ఒప్పించాలంటే ఒంట్లో పాలుండాలి. సమానత్వానికి మహిమ అనే సుంకం కట్టాలి. మహిమ లేని మాల, మామూలు మాదిగ, తాగుబోతో కోపిష్ఠో భక్తి లేనివాడో అయిన మనిషి సంగతేమిటి? అతను 'భవి'. లింగం కట్టనివాడిని వీరశైవులు అట్లా పిలుస్తారు. భవి ముఖం చూడరాదు. కులం స్థానంలో ఇంకో గీత వచ్చింది. జైనుల మీద జరిగిన హింసను ఆ పురాణం గొప్పగా చెప్పుకోవటం కూడా మనం దాచిపెట్టరాదు.

ఇటీవల కూడా ఇట్లాంటిదే చూశాం. 2018లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు అర్చకులొకరు దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకొని లోపలికి తీసుకుపోయారు. పత్రికలు ఫోటోలు వేశాయి. ఆయన మంచి మనసును మేము శంకించటం లేదు. కానీ మనకు కావలసింది మోసుకుపోవటమా? నడిచిపోవటమా?

కళ్యాణంలో ఈ ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు. హల్లెయ్య, మధుపయ్య అనే ఇద్దరు శరణుల కళ్ళు బిజ్జలుడు పీకించాడని, జగదేవుడు బిజ్జలుణ్ణి చంపాడని బసవ పురాణం చెప్తుంది. మాదిగ ఇంటికీ బ్రాహ్మణ ఇంటికీ జరిగిన పెండ్లే దీనికి మూలమని తర్వాతి కథనాలు చెప్తాయి. తెలుగు దేశంలో వ్యవహారం ఇంకో తీరుగా నడిచింది. ఇక్కడి శైవానికి పెద్ద గురువు మల్లికార్జున పండితారాధ్యుడు. ఆయనకు బసవడంటే ప్రాణమే, కానీ బ్రాహ్మణ్యాన్ని వదులుకోలేకపోయాడు. ఆరాధ్య బ్రాహ్మణులు లింగమూ కట్టారు, జంధ్యమూ ఉంచుకున్నారు. సోమన తన రెండో పెద్ద కావ్యం రాసింది ఈయన మీదనే. ఆ పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం పోయే యాత్రికుల పాటల పట్టిక ఉన్నది. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు ఇట్లా చాలా. కొండ మీదికి నడిచే జనం ఏం పాడుకున్నారో రాసిపెట్టిన కవి తెలుగులో ఆయన తప్ప ఆ రోజుల్లో ఇంకెవరున్నారు? ఈ పట్టిక కోసమైనా ఆయనకు మనం రుణపడి ఉండాల్సిందే.

సాహిత్యం నుండి శాసనాల దగ్గరికి వస్తే బొమ్మ ఇంకా తేటపడుతుంది. 1261 నాటి మల్కాపురం శాసనం రుద్రమదేవి కాలానిది. గోళకీ మఠానికి పెద్దగా ఉన్న విశ్వేశ్వర శివాచార్యుడి వ్యవస్థను అది వివరిస్తుంది. అక్కడి సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని రాసి ఉన్నది. దీన్ని కాకతీయుల ఉదారతకు గుర్తుగా పాఠాల్లో చెప్తరు. అదే శాసనంలో బ్రాహ్మణ కుటుంబాలకు భూమి పంచారు. చండాలుడికి అన్నం, బ్రాహ్మణుడికి పొలం. అన్నం ఆ పూటకు అయిపోతుంది. పొలం మనుమల దాకా పోతుంది. గుడి చరిత్ర రాసేటప్పుడు ఏ దేవుణ్ణి ఎవరు ప్రతిష్ఠించారన్నదొక్కటే చూస్తే ఈ తేడా కనబడదు.

లింగం కడితే కులం పోతుందన్న మాట తెలంగాణలో ఏమయిందో తెలుసుకోవాలంటే తాళపత్రాలు అక్కర లేదు. షెడ్యూల్డ్ కులాల జాబితా తెరిచి చూస్తే చాలు. అందులో 'మాలజంగం' ఉన్నది. 'బేడ జంగం, బుడగ జంగం' ఉన్నది. జంగముడంటే కులం లేనివాడు, సాక్షాత్తూ నడిచే శివుడు అన్నది సిద్ధాంతం. ఆ జంగం మాటకు ముందు మాల అనే మాట వచ్చి కూర్చున్నది. కులాన్ని పోగొట్టేటందుకు వచ్చిన పేరును కులమే మింగేసింది. ఒక జంగమయ్య ఊళ్ళో పెండ్లిండ్లు చేయిస్తాడు. ఇంకో జంగం బుర్ర పట్టుకొని కథ చెప్పి బియ్యం అడుక్కుంటాడు.

అయితే కింది కులాలవాళ్ళు ఈ కథలను ఊరికే వదిలిపెట్టలేదు, తమకు కావలసిన తీరుగా దాచుకున్నారు. మడివాలు మాచయ్యనే తీసుకోండి. శరణుల బట్టలు తప్ప ఇంకెవరివీ ఉతకనన్నవాడు, రాజు ఏనుగును పంపినా లెక్కచేయనివాడు. మన చాకలి ఇండ్లల్లో ఆయన మడేలయ్య. మాసయ్యలు పటం పరిచి మడేలు పురాణం చెప్తరు. చాకలివాళ్ళు వీరభద్రుడి సంతానమని, దక్షయజ్ఞం నాటి నెత్తురుతోనే తమ వృత్తి మొదలైందని చెప్పుకుంటరు. మాదిగలకు జాంబపురాణం ఉన్నది. డక్కలివాళ్ళు, చిందువాళ్ళు చెప్పే ఆ పురాణంలో భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడు. సోమన పురాణంలో మాదిగవాణ్ణి శివుడు మెచ్చుకుంటాడు. జాంబపురాణంలో మాదిగవాడి పెద్దరికానికి ఎవరి మెప్పూ అక్కర లేదు. ఈ తేడాను మన పరిశోధకులు ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

గుట్ట మీది రెండు గుహల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. సోమన వంటి వీరశైవుడికి శివుడు తప్ప వేరే దేవుడు లేడు. అట్లాంటి కవి ఊళ్ళో శివుడూ నరసింహుడూ ఒకే గుట్ట మీద పక్కపక్కన ఉన్నారు. పండితులు దీన్ని హరిహర క్షేత్రం అంటరు. జనం ఇంకా సులువుగా తేల్చేశారు. పిల్లలకు సోమయ్య, నర్సయ్య అని పెట్టుకున్నారు. ఇద్దరూ కావాలనుకుంటే సోమనర్సయ్య, ఆడపిల్ల అయితే సోమనర్సమ్మ.

సోమనర్సమ్మ అనే పేరు తెలంగాణ చరిత్రలో ఒకచోట ఉన్నది. అది చిట్యాల ఐలమ్మ బిడ్డ పేరు. ఐలమ్మ కొడుకుల్లో ఒకరు సోమయ్య, ఒకరు లక్ష్మీనర్సు. గుట్ట మీది దేవుళ్ళంతా ఆ చాకలి ఇంట్లో ఉన్నారు. అందుకే పాలకుర్తి క్షేత్ర చరిత్ర గుట్ట మీద అయిపోతుందంటే మేము ఒప్పుకోం.

నిజాం కాలంలో పాలకుర్తి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. తర్వాత జనగామ వరంగల్లు జిల్లాలో కలిసింది, 2016లో జిల్లా అయింది. దగ్గరలోనే విసునూరు. అక్కడి దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 60 ఊళ్ళు, 40,000 ఎకరాలు ఉండేవని సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో లెక్క చెప్పాడు. ఆ ఊళ్ళల్లో ప్రతి సేవాకులం మీదా వెట్టి ఉండేది. చాకలి బట్టలుతకాలి, దివిటీ పట్టాలి, దొర ఇంట్లో చాకిరీ చేయాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, డప్పు కొట్టాలి, కబురు మోయాలి. కుమ్మరి కుండలివ్వాలి. మంగలి సన్నాయి ఊదాలి. మా ప్రాంతం జాతరల్లో దేవుడి ముందర జరిగే పనులూ ఇవే. దివిటీ, డప్పు, కుండ, సన్నాయి. గుడి దగ్గర చేస్తే సేవ అంటరు, గడి దగ్గర చేస్తే వెట్టి అంటరు. చేసే మనుషులు ఒక్కటే. పూజా సంప్రదాయాల మీద రాసే పుస్తకాల్లో అర్చన, అభిషేకం, కళ్యాణం గురించి పేజీల కొద్దీ ఉంటుంది. దివిటీ పట్టినవాడికి ఏమిచ్చారన్నది ఒక్క వాక్యం ఉండదు.

1940ల మధ్యలో ఐలమ్మ పాలకుర్తిలో మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకొని వరి వేసింది. చాకలి ఆడమనిషి సొంతంగా వ్యవసాయం చేయటం, పైగా ఆంధ్రమహాసభ సంఘంలో చేరటం పట్వారీకీ దేశ్‌ముఖ్‌కీ కంటగింపయింది. పట్వారీ తన పొలంలో వెట్టికి రమ్మంటే ఆమె పోలేదు. కేసులు పెట్టారు, ఇంటి మగవాళ్ళను జైల్లో వేశారు. చివరికి పంట కోసుకుపోయేటందుకు దేశ్‌ముఖ్ మనుషులను పంపాడు. సంఘం వాళ్ళు అడ్డుపడి, తామే కోసి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. భూమి వదల్లేదు. తర్వాత 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు చచ్చిపోవటం, ఆపైన సాయుధ పోరాటం, అదంతా అందరికీ తెలిసిన చరిత్రే.

మేము చెప్పదలచింది వేరు. మాదర చెన్నయ్య అంబలిని శివుడు తాగాడు. ఐలమ్మ వడ్లను దొర మింగబోయాడు. చెన్నయ్య పేరు నిలిచింది మహిమ వల్ల. ఐలమ్మ ఏ మహిమా చూపించలేదు. ఆమె చేతి నుండి పాలు కారలేదు. గుట్ట చీలలేదు. నా పంట నాది అన్నది, అంతే. పాలకుర్తి నేల మీద ఈ రెండు ముచ్చట్ల మధ్య ఏడు శతాబ్దాల దూరం ఉన్నది. ఆ దూరంలో భక్తి ఇవ్వగలిగినదేమిటో, ఇవ్వలేకపోయినదేమిటో రెండూ ఉన్నాయి.

కమ్యూనిస్టు చరిత్రకారులు ఐలమ్మను రైతుగా రాశారు. చాకలి అన్నది పేరు ముందర ఉండే మాట మాత్రమే అయింది. ఆమె వడ్లు మోయించిన నాయకుల పేర్లు అందరికీ నోటికి వచ్చు, ఎక్కువ మంది రెడ్లు. ఆ నాయకుల త్యాగాన్ని తక్కువ చేయటం కాదు ఇది. కానీ ఆమె మీద దొరకు అంత కసి ఎందుకు వచ్చిందన్నది కులం చెప్పకుండా అర్థం కాదు. కౌలుకు భూమి చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉండే ఉంటారు. బట్టలు ఉతకాల్సిన మనిషి నాగలి పట్టించింది, అదీ అసలు నేరం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఐలమ్మ మాట ఆమె నోటితోనే అచ్చులోకి వచ్చింది. అప్పటికి ఆమె లేదు. 1985 సెప్టెంబరు 10న చనిపోయింది.

గుడి తలుపుల సంగతి చట్టం దాకా వచ్చేసరికి చాలా ఆలస్యమయింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ జరిగితే కనకదుర్గ గుడి మూసిపెట్టుకున్నారు. హైదరాబాద్ రాజ్యంలో హరిజన దేవాలయ ప్రవేశ నిబంధన వచ్చింది 1358 ఫసలీలో, అంటే 1948-49లో. పోలీసు చర్య తర్వాత, మిలిటరీ పాలనలో. అంటే పాలకుర్తిలో వడ్ల కోసం కొట్లాట అయిపోయాక గానీ గుడిలోకి పోయే హక్కు కాగితం మీదికి రాలేదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం దాన్ని తనలో కలుపుకున్నది. లోపలికి పోవటం ఒక మెట్టు. పూజ చేయటం ఇంకో మెట్టు. 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు అది సరైనదేనన్నది. 2007లో సవరణ తెచ్చి అర్చక కుటుంబాలకు మళ్ళీ దారి ఇచ్చారు. ఇరవై ఏండ్లు గట్టిగా తిరగకముందే చక్రం వెనక్కి వచ్చింది. శివుడు మెచ్చిన చెన్నయ్య మనుమలు ఈ మొత్తం తగువులో ఎక్కడా పార్టీలు కారు.

ఇప్పుడు పాలకుర్తిని, పోతన ఊరు బమ్మెరను, వాల్మీకి పేరు చెప్పే వల్మిడిని కలిపి యాత్రా స్థలాలుగా తీర్చుతున్నారు. మంచిదే. రోడ్లు పడితే అందరికీ పనికొస్తాయి. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు, అదీ సంతోషమే. కానీ గుట్ట మీదికి పోయే యాత్రికుడికి సోమనను భక్తకవిగా చూపిస్తరు, కింద ఐలమ్మను వీరనారిగా చూపిస్తరు. ఒకటి ఆధ్యాత్మికం, ఇంకోటి రాజకీయం. ఈ రెండింటినీ కలిపే మాచయ్యను, చెన్నయ్యను, కక్కయ్యను ఎవరూ చూపించరు. మాచయ్య పురాణం విన్న కులంలోనే ఐలమ్మ పుట్టిందని చెప్పటానికి పెద్ద పరిశోధన అక్కర లేదు గదా.

పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్ళల్లో పనిచేస్తున్న మిత్రులకు, టీచర్లకు మాదొక మనవి. గుట్ట జాతరలో ఏ పని ఏ ఇంటివాళ్ళు చేస్తూ వచ్చారు, దానికి ఇనాం భూమి ఉండేదా, ఉంటే ఇప్పుడు ఎవరి పట్టాలో ఉన్నది, ఏ ఏడు నుండి వాడవాళ్ళు గుహ లోపలి దాకా పోతున్నారు అన్నవి ముసలివాళ్ళను అడిగి రాసి పెట్టండి. వాళ్ళు పోతే ఇవి చెప్పేవాళ్ళు ఉండరు. శివరాత్రి జాగారం నాడు చెన్నయ్య కథను వాడలో చదవండి. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన బసవ పురాణం లైబ్రరీల్లో దొరుకుతుంది. ద్విపద డప్పు దరువుకు బాగా పడుతుంది, మేము పాడి చూశాం. గడ్డిమోపు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆపి, మర్నాడు ఎవరు కోశారో పిల్లలను అడగండి.